ఫాస్టాగ్: కొనే ముందు నుంచి కారు అమ్మే దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాస్టాగ్ సందేహాలకూ ఒక కాలం ఉంది. సంక్రాంతికి వారం ముందు, వేసవి సెలవుల మొదట్లో, ప్రభుత్వం కొత్త నియమం ఏదైనా ప్రకటించిన మర్నాడు అవే ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. వాటిలో సగానికి మూలం ఒక్కటే: టోల్ కట్టడానికి కారు అద్దం మీద అంటించిన ట్యాగుకే అన్నీ తెలుసని మనం అనుకుంటాం. దానికి తన పేరు చెప్పుకోవడం తప్ప ఇంకేమీ రాదు. డబ్బు, పాసు, బ్లాక్‌లిస్ట్ అన్నీ ఎక్కడో ఉన్న సర్వర్లలో ఉంటాయి.

కింది జవాబులు 2025 చివరి నాటి నియమాల ప్రకారం రాసినవి. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. కాబట్టి మీకు కావలసింది మాత్రమే చదువుకోవచ్చు.

## కొనే ముందు

బ్యాటరీ లేదు, వైరు లేదు. ఈ స్టిక్కర్ ఎలా పనిచేస్తుంది?

లోపల ఆవగింజ కన్నా చిన్న చిప్పు, దానికి అతికించిన పల్చని లోహపు యాంటెన్నా ఉంటాయి. టోల్ లేన్ పైన బిగించిన రీడర్ 865–867 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాలు పంపుతుంది. ఆ తరంగాల్లోని శక్తితోనే చిప్పు మేల్కొని తన గుర్తింపు సంఖ్యను తిప్పి పంపుతుంది. ఆ సంఖ్య ప్లాజా తరఫున లావాదేవీలు చూసే బ్యాంకుకు, అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ) నడిపే జాతీయ టోల్ చెల్లింపు వ్యవస్థకు, చివరికి మీకు ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. డబ్బు కోసేది ఆ బ్యాంకే. చిప్పులో బండి నంబరు, తరగతి వంటి వివరాలుంటాయి, బ్యాలెన్సు మాత్రం ఉండదు. ట్యాగు పోయినా ఖాతాలోని డబ్బు పోకపోవడానికి కారణం ఇదే.

ఏ బ్యాంకు ట్యాగు తీసుకుంటే మంచిది?

ఏ బ్యాంకు ట్యాగు అయినా దేశంలోని అన్ని జాతీయ రహదారి ప్లాజాల్లో చెల్లుతుంది. రీడర్‌కు బ్యాంకుల తేడా లేదు. తేడా ఫిర్యాదు చేయాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. ఇప్పటికే మీకు ఖాతా ఉండి, శాఖకు వెళ్లి మాట్లాడగలిగే బ్యాంకు అయితే సుఖం. 2024 మార్చి 15 తరువాత పేటీఎం పేమెంట్స్ బ్యాంకు ట్యాగుల్లో డబ్బు వేయడం కుదరదని రిజర్వు బ్యాంకు ఆంక్ష విధించినప్పుడు, ఆ ట్యాగులున్నవాళ్లు మిగిలిన డబ్బు వాడుకుని వేరే బ్యాంకుకు మారాల్సి వచ్చింది. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని ట్యాగులు అమ్మేవారి దగ్గర కొనడం తప్పు కాదు. అయితే అక్కడ మీ ఫోను నంబరే నమోదు చేశారా, అమ్మినవాళ్ల నంబరు పెట్టారా అన్నది అక్కడికక్కడే చూసుకోండి. సందేశాలు మరొకరి ఫోనుకు వెళ్లే ట్యాగుతో పడే తలనొప్పి అంతా ఇంతా కాదు.

కొత్త కారుకు షోరూమ్‌వాళ్లే ట్యాగు పెట్టి ఇచ్చారు. ఇక నేను చేయాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. 2017 డిసెంబరు నుంచి కొత్త నాలుగు చక్రాల వాహనాలు ట్యాగుతోనే వస్తున్నాయి. షోరూమ్‌లో ఇచ్చేటప్పటికి శాశ్వత నంబరు ఉండదు కాబట్టి దాన్ని ఛాసిస్ నంబరు మీద నమోదు చేస్తారు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ నంబరును 90 రోజుల్లో బ్యాంకు దగ్గర చేర్పించాలి. చేర్పించకపోతే ముందు హెచ్చరిక జాబితాలోకి, మరో 30 రోజులకు బ్లాక్‌లిస్ట్‌లోకి వెళ్తుంది. కొత్త కారు సంబరంలో ఎక్కువమంది మరచిపోయేది ఇదే.

నాకు మోటార్ సైకిల్ ఉంది. ట్యాగు కావాలా?

అక్కర్లేదు. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు.

## అంటించేటప్పుడు

అద్దం మీద సరిగ్గా ఎక్కడ అంటించాలి?

ముందు అద్దానికి లోపలి వైపు, పైభాగంలో మధ్యన, వెనక చూసే అద్దం దగ్గర. అంటించే చోటు పొడి గుడ్డతో తుడిచి, ఒక అంచు నుంచి మొదలుపెట్టి బుడగలు లేకుండా అదుముతూ పోవాలి. దాని మీద నల్ల ఫిల్ము, లోహపు పూత ఉన్న సన్ ఫిల్ము ఉంటే తరంగాలు చిప్పు దాకా రావు. కొన్ని కార్ల అద్దాలకే వేడి తగ్గించే లోహపు పూత ఉంటుంది. అలాంటప్పుడు ట్యాగు ఎక్కడ పెట్టాలో కారు తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూడండి. కార్లకు ఇచ్చే ట్యాగు ఊదా రంగులో ఉంటుంది. మీకు వేరే రంగు వచ్చిందంటే తరగతి తప్పు పడి ఉండవచ్చు, అంటించే ముందే అడగండి.

అంటించకుండా జేబులో పెట్టుకుని, ప్లాజా రాగానే చేత్తో చూపిస్తే నష్టమేమిటి?

ఒకప్పుడు చెల్లిపోయింది. ఇప్పుడు ట్యాగుకే ప్రమాదం. ఒకే ట్యాగును రెండు మూడు బండ్లకు తిప్పడం, కారు ట్యాగును లారీకి చూపించడం ఎక్కువవడంతో, చేతిలో పట్టుకుని చూపించే ట్యాగులను వెంటనే తెలియజేసి బ్లాక్‌లిస్ట్‌లో పెట్టించాలని జాతీయ రహదారుల సంస్థ 2025 జూలైలో ప్లాజాలకు చెప్పింది. అందులో నిజాయతీపరులూ చిక్కుకుంటారు, పైగా చేతిలో ఊపే ట్యాగును రీడర్ ఒక్కోసారి పట్టుకోదు కూడా. కారు అద్దం మీద ఒక చిన్న కాగితం అందాన్ని చెడగొడుతుందనే వాదన నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అద్దం పగిలి మార్చాను. పాత ట్యాగు ఊడదీసి అంటించవచ్చా?

కుదరదు. ఊడదీస్తే యాంటెన్నా చిరిగిపోయేలా దాన్ని తయారు చేస్తారు, దొంగతనం ఆపడానికే ఆ ఏర్పాటు. అదే బ్యాంకును సంప్రదించి మార్పిడి ట్యాగు తీసుకోండి. ఖాతా, అందులో డబ్బు అలాగే ఉంటాయి. వేరే బ్యాంకులో కొత్తది తీసుకుంటే, ఒక వాహనానికి ఒకే ట్యాగు అనే నియమం వల్ల పాతది చెల్లకుండా పోతుంది.

కేవైవీ చేయండి, లేకపోతే ట్యాగు ఆపేస్తాం అని సందేశం వచ్చింది. ఇది మోసమా?

కేవైవీ అనే ప్రక్రియ నిజమే, మీకు వచ్చిన లింకు మాత్రం మోసం కావచ్చు. ట్యాగు ఏ బండికి ఇచ్చారో అదే బండి మీద ఉందని నిర్ధారించుకునే ప్రక్రియ అది. ఆర్‌సీ, నంబరు ప్లేటూ ట్యాగూ కనిపించేలా ముందు నుంచి తీసిన ఫొటో అడుగుతారు. కార్లకు పక్క నుంచి తీసిన ఫొటో అక్కర్లేదని 2025 అక్టోబరులో సడలించారు, కార్లకు మామూలుగా కేవైవీ అడగడం 2026 ఫిబ్రవరి నుంచి మానేశారు. అవసరమైతే మీ బ్యాంకు యాప్‌లోకో వెబ్‌సైట్‌లోకో మీరే వెళ్లి పూర్తి చేయండి. సందేశంలోని లింకు నొక్కకండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

## టోల్ ప్లాజా దగ్గర

ఖాతాలో డబ్బుంది. అయినా బ్లాక్‌లిస్ట్ అని గేటు ఎత్తలేదు. ఎందుకు?

బ్లాక్‌లిస్ట్‌కు డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కేవైసీ గడువు దాటడం, రిజిస్ట్రేషన్ నంబరు చేర్చకపోవడం, అదే బండికి మరో ట్యాగు జారీ కావడం, రవాణా శాఖ లేదా పోలీసుల కోరిక, వీటిలో ఏదైనా కావచ్చు. గేటు దగ్గర ఉద్యోగికి కారణం కనిపించదు, స్థితి మాత్రమే కనిపిస్తుంది. అతనితో వాదించి లాభం లేదు. ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో బండి నంబరు ఇస్తే ట్యాగు స్థితి తెలుస్తుంది. కారణం చెప్పాల్సింది ట్యాగు ఇచ్చిన బ్యాంకు. దూర ప్రయాణానికి ముందు రోజు రాత్రే ఒకసారి చూసుకుంటే చాలు.

లైన్లో నిలబడి రీఛార్జి చేస్తే పనికొస్తుందా? గంట ముందే చేయాలని ఎవరో చెప్పారు.

ఆ గంట లెక్క 2025 ఫిబ్రవరి 17 నుంచి అమలైన ఎన్‌పీసీఐ సర్క్యులర్ నుంచి వచ్చింది. ట్యాగు చదవడానికి ముందు 60 నిమిషాలకు పైగా, చదివాక 10 నిమిషాల వరకూ బ్లాక్‌లిస్ట్‌లోనే ఉంటే ఆ లావాదేవీని తిరస్కరిస్తారన్నది అందులోని సారాంశం. అది బయటికి రాగానే గగ్గోలు పుట్టింది. జాతీయ రహదారుల ప్లాజాలన్నీ ట్యాగు స్థితిని అప్పటికప్పుడు తెలుసుకునే కొత్త పద్ధతిలో నడుస్తున్నాయని, అక్కడ గేటు దాటే లోపు ఎప్పుడు రీఛార్జి చేసినా చెల్లుతుందని రహదారుల సంస్థ వివరణ ఇచ్చింది. చిక్కు కొన్ని రాష్ట్ర రహదారుల ప్లాజాల దగ్గర ఉంది. వాటిలో పాత పద్ధతి నడుస్తోంది, జాబితా విడతలవారీగా చేరుతుంది. కాబట్టి జాతీయ రహదారి మీద లైన్లో రీఛార్జి చేసినా గట్టెక్కవచ్చు, రాష్ట్ర రహదారి మీద దాన్ని నమ్ముకోవద్దు.

నా ట్యాగు బాగానే ఉంది, వాళ్ల రీడర్ పనిచేయలేదు. నగదు కట్టాలా?

కట్టనక్కర్లేదు. ట్యాగు చెల్లుబాటులో ఉండి, సరిపడా డబ్బుండి, ప్లాజా యంత్రాల లోపం వల్ల చెల్లింపు జరగకపోతే బండిని ఉచితంగా వదలాలని, సున్నా రూపాయల రసీదు ఇవ్వాలని 2018 మేలో నియమం తెచ్చారు. ఆ రసీదు అడిగి తీసుకోండి. లోపం మీ ట్యాగుదని వాళ్లంటే, అంతకుముందు ప్లాజాలో డబ్బు కోసినట్లు వచ్చిన సందేశం చూపించండి. దానికి మించిన రుజువు లేదు. అప్పటికీ వినకపోతే 1033కి ఫోను చేయండి, రహదారుల సహాయ కేంద్రం అది.

ట్యాగు లేకుండా వెళ్తే ఎంత పడుతుంది?

2025 చివరి నాటికి నగదు కడితే రెట్టింపు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే 1.25 రెట్లు. ట్యాగుతో 100 రూపాయలు పడే చోట నగదుకు 200, యూపీఐకి 125. ట్యాగు ఉన్నా పనిచేయకపోతే ఇదే లెక్క.

అందరికీ ఫాస్టాగ్ ఉంది కదా. మరి సంక్రాంతికి పంతంగి దగ్గర గంటల కొద్దీ ఎందుకు ఆగాలి?

ఇది ప్రశ్న కన్నా ఎక్కువగా నిట్టూర్పు. అయినా జవాబు ఉంది. ట్యాగు చదవడానికి క్షణం చాలు. కాలం పట్టేది బండి వేగం తగ్గించి, ఆగి, గేటు లేచాక మళ్లీ కదలడానికి. ఒక్కో బండికి 10 సెకన్లు వేసుకుంటే ఒక లేన్‌లో గంటకు 360 బండ్లు వెళ్తాయి. అందులో ఒక్క బండి ట్యాగు బ్లాక్‌లిస్ట్‌లో ఉండి, డ్రైవరు దిగి రెండు నిమిషాలు వాదించాడంటే, ఆ లేన్‌లో 12 బండ్లు వెళ్లాల్సిన కాలం పోయింది. వెనక ఉన్నవాళ్లు పక్క లేన్‌లోకి దూరడానికి ముక్కు పెట్టేసరికి ఆ లేనూ నెమ్మదిస్తుంది.

మామూలు రోజుల్లో ఇది పెద్దగా కనిపించదు, ఎందుకంటే వెనక ఖాళీ ఉంటుంది. పండగకు హైదరాబాద్ నుంచి కోస్తా వైపు ఒకే రోడ్డున, ఒకే వైపు, రెండు మూడు రోజుల్లో బండ్లన్నీ బయలుదేరితే ఖాళీ ఎక్కడిది? అప్పుడు విజయవాడ వైపు అదనపు లేన్లు తెరుస్తారు, తిరుగు ప్రయాణాల రోజుల్లో హైదరాబాద్ వైపు తెరుస్తారు. అది కొంత ఊరట. ట్యాగులు డబ్బు తీసుకునే ఆలస్యాన్ని తగ్గించాయి గానీ, నాలుగు వరుసల రోడ్డును ఆరు వరుసలు చేయలేవు. మీ చేతిలో ఉన్నది బయలుదేరే వేళ మాత్రమే. భోగి ముందు రోజు సాయంత్రం ఆఫీసు అయ్యాక బయలుదేరేవాళ్లంతా ఒకే సమయానికి పంతంగి ప్లాజా ఉన్న చౌటుప్పల్ చేరతారు.

## డబ్బు విషయంలో తేడా వస్తే

కారు ఇంటి ముందే ఉంది. ఎక్కడో ప్లాజాలో డబ్బు పోయినట్లు సందేశం వచ్చింది.

ముందు సందేశం వచ్చిన వేళను కాదు, ట్యాగు చదివిన వేళను చూడండి. బ్యాంకు ఖాతా వివరాల్లో అది వేరుగా ఉంటుంది. ప్లాజాకు నెట్‌వర్క్ అందక పాత లావాదేవీలను ఆలస్యంగా పంపితే, నిన్నటి ప్రయాణానికి ఇవాళ డబ్బు పోతుంది. అది మోసం కాదు. నిజంగానే ఆ రోజు మీరు వెళ్లలేదంటే కారణాలు రెండు మూడు: ట్యాగు చదవని చోట ఉద్యోగి బండి నంబరు చేత్తో కొట్టేటప్పుడు ఒక అంకె తప్పడం, మీ నంబరును మరొకరు దొంగ ప్లేటుగా వాడడం, అమ్మేసిన కారు ట్యాగు ఇంకా మీ ఖాతాలోనే ఉండటం.

ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు ఆలస్యం చేయకుండా ఫిర్యాదు ఇచ్చి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. ప్లాజా కెమెరాలో ఆ క్షణం నమోదైన బండి ఫొటో చూపించమని అడగండి, మాటల కన్నా ఆ ఫొటో త్వరగా తేలుస్తుంది. 30 రోజుల్లో బ్యాంకు పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయవచ్చు, రుసుము లేదు. దొంగ ప్లేటు అనుమానం ఉంటే మాత్రం పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. అది 80 రూపాయల సంగతి కాదు, ఆ బండి రేపు ఏ ప్రమాదం చేసినా మీ పేరే వస్తుంది.

సిగ్నల్ దగ్గర అద్దం తుడిచే పిల్లవాడు చేతి గడియారంతో ట్యాగు స్కాన్ చేసి డబ్బు కొట్టేసిన వీడియో చూశాను. నిజమేనా?

కాదు. 2022 జూన్‌లో దేశమంతా తిరిగిన ఆ వీడియో నటించి తీసినదేనని అప్పుడే తేలింది. ట్యాగును ఎవరైనా చదివినా చేతికొచ్చేది ఒక సంఖ్యే. ఆ సంఖ్యతో డబ్బు అడగాలంటే ఎన్‌పీసీఐ దగ్గర నమోదైన టోల్ లేదా పార్కింగ్ నిర్వాహకుడై ఉండాలి. అనుమతి ఉన్న సర్వర్ నుంచే అభ్యర్థన రావాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి డబ్బు వెళ్లే దారి ఈ వ్యవస్థలో లేదు.

ఖాతాలో ఎంత ఉంచాలి?

కార్లకు కనీస బ్యాలెన్సు నిబంధనను 2021లో తీసేశారు. ఖాతా మైనస్‌లో లేకపోతే గేటు దాటవచ్చు. తరువాత తగ్గిన మొత్తాన్ని, ట్యాగు తీసుకున్నప్పుడు మీరు కట్టిన డిపాజిట్ నుంచి బ్యాంకు సర్దుకుంటుంది, మీరు మళ్లీ వేసేటప్పుడు ఆ లోటు భర్తీ చేసుకుంటుంది. నెలకు నాలుగైదు సార్లు తిరిగేవాళ్లు, బ్యాలెన్సు తగ్గగానే దానంతటదే నిండే ఏర్పాటు పెట్టుకోవడం మేలు.

## పాసులు, రాయితీలు

వార్షిక పాసు ఎవరికి లాభం?

2025 ఆగస్టు 15న మొదలైన ఈ పాసు సొంత కార్లు, జీపులు, వ్యాన్లకు మాత్రమే. 200 ప్రయాణాలు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది. 2025లో దాని ధర 3000 రూపాయలు, అంటే ప్లాజాకు 15 రూపాయలు పడింది. మామూలు ప్లాజాలో ఒకసారి దాటితే ఒక ప్రయాణం, తిరిగి వస్తే మరొకటి. ప్రవేశం నుంచి నిష్క్రమణ దాకా దూరాన్ని బట్టి వసూలు చేసే ఎక్స్‌ప్రెస్ రహదారుల్లో మొత్తం కలిపి ఒకటే.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవారి లెక్క చూద్దాం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర: నాలుగు ప్లాజాలు. రానూపోనూ ఎనిమిది. 200 ప్రయాణాలంటే అలాంటి 25 రాకపోకలు. ఏడాదికి నాలుగైదు సార్లు ఊరికి వెళ్లివచ్చేవారు కూడా తమ పాత లావాదేవీలు ఒకసారి కూడి చూసుకుంటే నిర్ణయం తేలిక. కారు అపార్ట్‌మెంటు కింద నిద్రపోయేవారికి మాత్రం అక్కర్లేదు.

పాసు రాజమార్గ్ యాత్ర యాప్‌లోనో రహదారుల సంస్థ వెబ్‌సైట్‌లోనో తీసుకోవాలి. ట్యాగు కొత్తది అక్కర్లేదు, ఉన్నదాని మీదే పడుతుంది. ట్యాగు ఖాతాలోని డబ్బుతో మాత్రం కొనలేరు. మరో బండికి మార్చడం, సొమ్ము వెనక్కి తీసుకోవడం ఉండవు. ఛాసిస్ నంబరు మీదే ఉన్న ట్యాగుకు ఇవ్వరు.

పాసు తీసుకున్నాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద డబ్బు ఎందుకు పోయింది?

పాసు జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్ రహదారులకు మాత్రమే. 158 కిలోమీటర్ల ఓఆర్‌ఆర్ రాష్ట్రానిది, కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి కూడా రాష్ట్రానిదే. అలాంటి చోట మీ ట్యాగు మామూలు ఫాస్టాగ్‌లా పనిచేసి ఖాతా నుంచి డబ్బు కడుతుంది. అందుకే పాసు ఉన్నా ఖాతాలో కొంత ఉంచుకోవాలి.

మా ఊరు టోల్ ప్లాజా పక్కనే. రోజూ పొలానికి వెళ్లాలన్నా కట్టాలా?

ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారి సొంత వాహనాలకు నెలవారీ పాసు ఉంది. 2025–26లో దాని ధర 350 రూపాయలు. ఆర్‌సీ, చిరునామా రుజువు తీసుకుని ఆ ప్లాజా కార్యాలయంలో అడగాలి. పాసు ఆ ఒక్క ప్లాజాకే చెల్లుతుంది. వాణిజ్య వాహనాలకు వర్తించదు.

అదే రోజు తిరిగి వస్తే తగ్గింపు ఉంటుందా?

24 గంటల్లో అదే ప్లాజా గుండా తిరిగి వస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లే. ట్యాగు ఉంటే ఈ లెక్క దానంతటదే జరుగుతుంది, అడగనక్కర్లేదు.

## కారు అమ్మేటప్పుడు, ఆపైన

కారు అమ్మేశాను. ట్యాగు కొన్నవారికే వదిలేయవచ్చా?

వదిలేయకండి. ట్యాగు మీ కేవైసీ మీద, మీ ఖాతాకు ముడిపడి ఉంటుంది. కొన్నవారు దాటిన ప్రతి గేటుకూ మీ డబ్బే పోతుంది. బ్యాంకుకు రాసి ట్యాగు మూయించండి, మిగిలిన డబ్బు, డిపాజిట్ వెనక్కి వస్తాయి. మీ ట్యాగు మూతపడే దాకా కొన్నవారికి కొత్తది తీసుకోవడం కష్టం కాబట్టి, తాళాలు ఇచ్చే రోజే ఆ పని ముగించడం ఇద్దరికీ మంచిది.

ఫాస్టాగ్‌తో ప్రభుత్వం నా కారు ఎక్కడుందో ఎప్పటికప్పుడు చూడగలదా?

ట్యాగులో జీపీఎస్ లేదు, రీడర్ ముందుకు వస్తే తప్ప అది నోరు విప్పదు. ఏ ప్లాజాను ఏ వేళకు దాటారన్న వివరం మాత్రం నమోదై ఉంటుంది, దర్యాప్తుల్లో పోలీసులు దాన్ని అడుగుతారు. ఎప్పటికప్పుడు ఉన్న చోటు చెప్పేది వేరే పరికరం. బస్సులు, టాక్సీల్లో 2019 నుంచి తప్పనిసరి చేసిన ట్రాకింగ్ పెట్టె అది. దానిలో సిమ్ కార్డు ఉంటుంది, ప్రయాణికుల కోసం ఎర్రటి అత్యవసర మీట ఉంటుంది. సొంత కారుకు ఆ నియమం లేదు.

ఉపగ్రహ టోల్ వస్తోంది, ఫాస్టాగ్ పోతుంది అంటున్నారు. ఇప్పుడు కొనడం దండగేనా?

కాదు. 2024 సెప్టెంబరులో నియమాలు సవరించి, ఉపగ్రహ పరికరం ఉన్న బండ్లకు రోజుకు మొదటి 20 కిలోమీటర్లు ఉచితం అన్నారు. అక్కడి నుంచి పుకార్లు పెరిగి, 2025 మే 1 నుంచి దేశమంతా మారుతోందని వార్తలు వచ్చాయి. అలాంటి నిర్ణయం లేదని రహదారుల శాఖ ఏప్రిల్‌లోనే ఖండించింది. ముందుగా వచ్చేది గేటు లేని టోల్. రోడ్డు మీద అడ్డంగా కట్టిన చట్రానికి కెమెరాలు, రీడర్లు బిగించి, పరుగెడుతున్న బండి నంబరు ప్లేటునూ ట్యాగునూ ఒకేసారి చదువుతారు. గుజరాత్‌లోని చోర్యాసీ ప్లాజాకు 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. అందులోనూ డబ్బు కట్టేది ఫాస్టాగ్ ద్వారానే. ట్యాగు చెల్లకపోతే గేటు దగ్గర ఆపేవారు ఉండరు, ఇంటికి ఎలక్ట్రానిక్ నోటీసు వస్తుంది.